గెలవని పిల్ల మాటేమిటి?

2024 సెప్టెంబరు 3 రాత్రి పారిస్ పారాలింపిక్స్‌లో జీవంజి దీప్తి 400 మీటర్ల పరుగును 55.82 సెకన్లలో ముగించి మూడో స్థానంలో నిలిచింది. టి-20 విభాగం, అంటే మేధోవైకల్యం ఉన్న అథ్లెట్ల విభాగం. ఆ వైకల్యం ఉన్న భారతీయుల్లో పారాలింపిక్ పతకం అందుకున్న మొదటి వ్యక్తి ఆమె. అంతకు కొద్ది నెలల ముందే, మే 20న, జపాన్‌లోని కోబెలో 55.07 సెకన్ల కొత్త ప్రపంచ రికార్డుతో ప్రపంచ ఛాంపియన్ అయింది. 2023లో హాంగ్‌ఝౌ ఆసియా పారా క్రీడల్లో బంగారు పతకం తెచ్చింది. పారిస్‌లో పరుగెత్తే నాటికి ఆమెకు ఇంకా ఇరవయ్యొకటి నిండలేదు.

వరంగల్ జిల్లా పర్వతగిరి మండలం కల్లెడ ఆమెది. కూలినాలి చేసుకునే కుటుంబం. పతకం వచ్చిన మర్నాటి నుంచి పత్రికలూ టీవీలూ ఒకే కథ చెప్పాయి. చిన్నప్పుడు ఊళ్లో పిచ్చిదన్నారు, కోతి అన్నారు, ఈ పిల్లను ఏదైనా అనాథాశ్రమంలో వదిలేయండని తల్లిదండ్రులకు సలహా చెప్పారు, ఇవాళ అదే ఊరు ఆమెను చూసి గర్విస్తోంది. చదువుతుంటే నా కళ్లూ చెమర్చాయి. అయితే కళ్లు తుడుచుకున్నాక ఆ కథలో నాకొక మెలిక కనిపించింది. అప్పటి నుంచీ అది నన్ను వదలడం లేదు.

ఊరు చేసింది తప్పని ఆ కథ చెబుతోంది. ఎందుకు తప్పు? ఆ పిల్ల ఛాంపియన్ అయింది కాబట్టి. అంటే ఊరు చేసింది అంచనాలో పొరపాటు మాత్రమేనన్న మాట. బంగారాన్ని ఇత్తడి అనుకున్నారు, తర్వాత తెలుసుకున్నారు, కథ సుఖాంతం. మరి దీప్తి పరుగెత్తలేని పిల్లే అయి ఉంటే? అప్పుడు వాళ్ల అంచనా సరైనదవుతుందా? పిచ్చిదీ కోతీ అనడం, వదిలేయమనడం, అదీ సరైనదవుతుందా? ఎవరూ అవునని అనరు. కానీ మనం ఆ కథను పదేపదే చెప్పుకునే తీరు మాత్రం అవుననే అంటోంది. అన్యాయాన్ని పొరపాటుగా మార్చేసే కథ అది. పొరపాటు దిద్దుకుంటే సరిపోతుంది. అన్యాయానికి జవాబు చెప్పుకోవాలి.

ఈ ప్రశ్న నాకు పుస్తకాల్లోంచి రాలేదు. మా గంభీరావుపేటలో, మా వాడకట్టులో ఒక ఇల్లుంది. ఆ ఇంటి ఆడబిడ్డకు ఇప్పుడు ముప్పై అయిదేళ్లుంటాయి. మాటలు ఆలస్యంగా వచ్చాయి, కొన్నే వచ్చాయి. బడిలో రెండేళ్లు కూర్చుంది. వాడకట్టంతా ఆమెను పిస్సది అనే పిలిచేది. తిట్టడానికి కాదు, ఊరికే గుర్తుకు, ఫలానా వాళ్లింటి పిస్సది అని. తిట్టుగా అన్నా ఒక రోషం ఉండేదేమో; గుర్తుగా అనేసరికి అసలు పేరే మాసిపోయింది. దీప్తి పతకం గురించి నేను ఆ తల్లికి చెప్పినప్పుడు ఆమె చేతిలో ఆకు కత్తిరిస్తూనే వింది. "మంచిగైంది బిడ్డా, ఆ తల్లి కడుపు సల్లగుండ" అంది. కాసేపాగి, "గని మా పిల్ల ఉరుకదు గదా" అంది.

ఆ మాటకు నా దగ్గర జవాబు లేకపోయింది. స్ఫూర్తి కథలకు కూడా లేదు.

సిరిసిల్లలో మరమగ్గం, సిరిసిల్ల నుంచి కోరుట్ల, జగిత్యాల దాకా ఇంటింటా బీడీల చాట. ఈ ప్రాంతపు ఆడవాళ్ల బతుకు ఆ చాట చుట్టే తిరిగింది. తునికాకు నానబెట్టి, కత్తిరించి, జర్దా పోసి చుట్టి, దారం కట్టి, మూతి వత్తి, కట్టలు కట్టాలి. ఇందులో దారం కట్టడం, మూతులు వత్తడం ఆ పిల్ల పని. పన్నెండేళ్ల వయసు నుంచి చేస్తోంది, చక్కగా చేస్తుంది. కానీ కార్డు తల్లి పేరు మీద, పీఎఫ్ తల్లి పేరు మీద, వారం వారం లెక్కా తల్లి పేరు మీదే. ఆ పిల్ల ఏం చేస్తుందని ఎవరైనా అడిగితే తల్లే "ఏం జేస్తది, ఇంట్లనే ఉంటది" అంటుంది. ఇంటి ఆడదాని పని పనిగా లెక్కకు రాదని మనం ముప్పై నలభై ఏళ్లుగా రాస్తున్నాం. ఆ లెక్కలో కూడా రాని పని ఇది. ఆమె పనికిమాలినదన్న మాట ఊళ్లో చెల్లుబాటు కావడానికి ఆమె రోజంతా చేసే పని ఎవరికీ కనబడకుండా ఉండాలి మరి.

తల్లి గురించీ చెప్పుకోవాలి. దీప్తి తల్లి విలేకరులతో మాట్లాడుతూ బిడ్డ సూర్యగ్రహణం సమయంలో పుట్టిందని చెప్పింది, పుట్టినప్పుడు తల చిన్నగా ఉందని, పెదవులూ ముక్కూ కొంచెం వేరుగా ఉన్నాయని చెప్పింది. రికార్డుల్లో దీప్తి పుట్టిన తేదీ 2003 సెప్టెంబరు 27. ఆ ఏడాది సూర్యగ్రహణాలు మే 31న, నవంబరు 23న వచ్చాయి. సెప్టెంబరులో ఏదీ లేదు. తేదీ బడిలో వేయించినదే కావచ్చు, మన పల్లెల్లో అది మామూలే. ఆ తల్లి మాటను తప్పుపట్టడానికి ఈ లెక్క చెప్పడం లేదు. గ్రహణం ఆకాశంలో ఉన్నా లేకున్నా మన మాటల్లో ఎప్పుడూ సిద్ధంగా ఉంటుందని చెబుతున్నాను. చీలిన పెదవికి మన భాషలో పేరే గ్రహణం మొర్రి. ఆ పేరు పలికిన ప్రతిసారీ ఒక నేరారోపణ జరుగుతుంది. గ్రహణం పట్టినప్పుడు కడుపుతో ఉన్న మనిషి కదలకుండా పడుకోవాలి, ఏదీ కోయకూడదు, గోక్కోకూడదు. బిడ్డలో ఏ తేడా కనిపించినా "అప్పుడు నువ్వేం చేసినవ్?" అని అడుగుతారు. తండ్రిని ఎవరూ అడగరు. మా వాడకట్టులోని తల్లిని అత్తగారు అడిగిన ప్రశ్న, "ఆనాడు కత్తెర పట్టినవా?" అని. బీడీల మనిషి కత్తెర పట్టకుండా ఏ పూట గడుస్తుంది?

కాబట్టి పిచ్చిదన్న పేరు పిల్లకు పెట్టిందే అయినా తల్లికి కూడా అతుక్కుంటుంది. దీప్తి తల్లిదండ్రులు ఆ సలహాలు విని బిడ్డను వదిలేయలేదు. పతకాలు వచ్చాక అమ్ముకున్న పొలాన్ని తిరిగి కొనుక్కున్నారని పత్రికలు సంబరంగా రాశాయి. సంబరమే. కానీ బిడ్డను ఇంట్లో ఉంచుకోవాలని ఆ తల్లి నిర్ణయించుకున్న రోజున ఏ పతకమూ కనుచూపు మేరలో లేదు. నా దృష్టిలో ఈ మొత్తం కథలో నైతికంగా అన్నిటికన్నా బరువైన ఘడియ అదే. దానికి ఫోటో లేదు.

ఇక పేర్ల సంగతి. ఊరు ఒక పేరు పెట్టింది. ప్రభుత్వం ఇంకో పేరు పెడుతుంది. 2010 నుంచి మన దగ్గర సదరం క్యాంపులు మొదలయ్యాయి. క్యాంపులో డాక్టర్లు చూసి శాతం వేస్తారు. నలభై శాతం దాటితే పింఛను. ఆసరా కింద 2014లో 1500, 2019లో 3016, 2023లో 4016 రూపాయలు. ఊళ్లో ఇద్దరు తల్లులు కలిస్తే "మీ పిల్లకెంత శాతం పడ్డది?" అని అడుగుతారు. మూడో పేరు క్రీడలు పెడతాయి. టి-20లో పరుగెత్తాలంటే తెలివితేటల పరీక్షలో 75 లేదా అంతకు తక్కువ రావాలి, రోజువారీ బతుకును నెట్టుకురావడంలో ఇబ్బంది రుజువు కావాలి, అది ఎదిగే వయసులోనే మొదలైందని చూపాలి. దీప్తిని చేరదీసిన కోచ్ నాగపురి రమేశ్. ఆమెకు పరీక్షలు చేయించమన్న సలహా పుల్లెల గోపీచంద్‌ది. ఆ పరీక్షలు జరిగింది సికింద్రాబాదులోని జాతీయ మేధోవైకల్య సంస్థలో.

అంతకు ముందే, 2019లో, హాంకాంగ్‌లో జరిగిన ఆసియా యూత్ అథ్లెటిక్స్‌లో దీప్తి 200 మీటర్లలో కాంస్యం గెలిచింది. అవి పారా పోటీలు కావు, మామూలు పోటీలు. ఆ తర్వాతే ఆమె టి-20లోకి వచ్చింది. పారాలింపిక్స్‌లో ఈ విభాగానికి పరుగుల్లో ఉన్నవి 400, 1500 మీటర్లే. ఆమె పతకం తెచ్చుకున్న 200 మీటర్లు అక్కడ లేవు. ఆమె శరీరం ఒకటే, కాళ్లు అవే, ఏ వరుసలో నిలబడాలన్నది మాత్రం కాగితం చెబుతుంది.

ఊరు పిచ్చిదంది, సంస్థ మేధోవైకల్యమంది, స్టేడియం టి-20 అంది. మూడూ ఒక్క పిల్ల గురించే. మొదటిది అవమానం, మిగతా రెండూ హక్కులు అని సులువుగా తేల్చేయొచ్చు. నేనూ చాలాకాలం మాటల్లోనే తేడా వెతికాను. కుంటి, గుడ్డి, వికలాంగులు, ఇప్పుడు దివ్యాంగులు. 2015 చివర ప్రధాని హిందీలో ఆ మాట అన్నాక కార్యాలయాల బోర్డులన్నీ మారిపోయాయి. దివ్యమైన అంగాలట! మెట్లు మాత్రం ఎక్కడివక్కడే ఉన్నాయి. మాట కన్నా, ఆ మాట దేనికి అడిగారన్నది ముఖ్యమని ఇప్పుడనిపిస్తోంది. లోపలికి రానివ్వడానికి అడిగారా, బయట ఉంచడానికి అడిగారా? ఎవరు అడిగారు, ఆ జవాబు ఎవరి చేతిలో ఉంది? టి-20 అన్నది వరుసలోకి రానిచ్చే పేరు. అయినా అదీ పూర్తిగా ఆమె చేతిలో లేదు.

ఆ సంగతి క్రీడాలోకం ఒకసారి చాలా క్రూరంగా చూపించింది. 2000 సిడ్నీ పారాలింపిక్స్‌లో మేధోవైకల్య విభాగం బాస్కెట్‌బాల్‌లో స్పెయిన్ జట్టు స్వర్ణం గెలిచింది. తర్వాత తేలిందేమిటంటే పన్నెండు మందిలో పది మందికి ఏ వైకల్యమూ లేదు. మోసం చేసింది వైకల్యం లేని వాళ్లు. శిక్ష ఎవరికి పడింది? మేధోవైకల్యం ఉన్న వాళ్లందరికీ. ఆ విభాగాన్నే పారాలింపిక్స్ నుంచి తీసేశారు. 2012 లండన్‌లో గానీ తిరిగి రాలేదు, అదీ కొన్ని ఆటల్లోనే. పన్నెండేళ్లంటే ఒక పరుగు మనిషి జీవితంలో మొత్తం కాలం. ఇంకే వైకల్యం ఉన్న వాళ్లనైనా ఇలా గంపగుత్తగా వెళ్లగొట్టి ఉంటే ఎంత గొడవ జరిగేదో ఊహించండి. ఇక్కడ జరగలేదు. తమ తరఫున తాము ఉపన్యాసాలివ్వడం, విజ్ఞప్తులు రాయడం, విలేకరుల సమావేశాలు పెట్టడం ఈ మనుషుల్లో చాలామందికి సాధ్యం కాని పనులు.

ఇది మన పత్రికను చదివే, రాసే వాళ్లందరికీ తగిలే విషయం. మనం గొంతు అన్న మాట చుట్టూ చాలా కట్టుకున్నాం. మౌనాన్ని ఛేదించాలన్నాం, మా కథ మేమే చెప్పుకుంటామన్నాం. నేను దాన్ని ఇవాళా నమ్ముతాను. కానీ మాట పెగలని స్త్రీ, వాదించలేని స్త్రీ, కథను మొదలు నుంచి చివరికి అల్లలేని స్త్రీ ఆ నినాదంలో ఎక్కడ నిలబడుతుంది? దీప్తి గురించి అచ్చయిన వాటిని తిరగేసి చూడండి. కోచ్ మాట్లాడతాడు, తల్లి మాట్లాడుతుంది, పీఈటీ సారు మాట్లాడతాడు. ఆమె మాటలు తక్కువ. ఆమె వైకల్య హక్కుల కార్యకర్త కాదు. అయినా ఆమె పరుగు వల్ల మేధోవైకల్యం అన్న మాట తెలుగు పత్రికల మొదటి పేజీలోకి వచ్చింది. దాన్ని ప్రచారమనాలా, పోరాటమనాలా? అనేందుకు మనం తొందరపడుతున్నామేమో అని నాకో అనుమానం. ఆమె పరుగెత్తింది గెలవడానికి. మనం దానికి సందేశం తగిలించాం. ఆస్ట్రేలియా వైకల్య హక్కుల రచయిత్రి స్టెల్లా యంగ్ 2014లో చనిపోవడానికి కొన్ని నెలల ముందు చేసిన ప్రసంగంలో, మేమేమీ మీకు స్ఫూర్తినివ్వడానికి పుట్టలేదని అర్థం వచ్చేలా నవ్వుతూనే దులిపేసింది. ఆమె మాటకారి కాబట్టి దులిపేసింది. దులపలేని వాళ్ల మీద మన మెప్పుదలలు పేరుకుంటూనే ఉంటాయి.

మాట లేని చోట ఏం జరుగుతుందో మహిళా ఉద్యమానికి తెలియనిది కాదు. 1994లో మహారాష్ట్రలో, శిరూర్‌లోని ప్రభుత్వ ఆశ్రమంలో ఉంటున్న మేధోవైకల్యం ఉన్న అమ్మాయిలకు పుణెలో గర్భసంచులు తీసేశారు. నెలసరి శుభ్రత చూసుకోలేరన్నది అప్పుడు చెప్పిన కారణం. మహిళా సంఘాలు గట్టిగా అడ్డుపడ్డాయి. 2009లో సుచితా శ్రీవాస్తవ కేసులో, మేధోవైకల్యం ఉన్నా ఆ స్త్రీ ఒప్పుకోకుండా గర్భం తీసేయడానికి వీల్లేదని సుప్రీంకోర్టు చెప్పింది. ఇదీ మేధోవైకల్యం ఉన్న ఆడపిల్ల శరీరం గురించి మన దేశంలో నడిచిన చర్చ. శుభ్రం చేయాల్సినదిగా, కాపలా కాయాల్సినదిగా, ఎవరికో సౌకర్యంగా మలచాల్సినదిగా ఆ శరీరాన్ని చూశారు. అటువంటి దేశంలో అదే శరీరం స్పైక్స్ వేసుకుని, వేలమంది ముందు, తన కోసం తాను పరుగెత్తడం చిన్న విషయం కాదు. పతకాన్ని నేను తక్కువ చేయడం లేదు.

మా ఊళ్లో ఉరుకుడు అన్న మాటకు ఆ పిల్ల విషయంలో ఒకటే అర్థం, తప్పిపోవడం. చిన్నప్పుడు రెండుసార్లు నర్మాల తొవ్వ పట్టి పోయింది. ఎగువ మానేరు కట్ట దగ్గర ఎవరో చూసి తోలుకొచ్చారు. ఆ తర్వాత తలుపుకు గొళ్లెం పడింది. తల్లిని నేనేమీ అనలేను. ఆడపిల్ల, పైగా చెప్పుకోలేని పిల్ల, కట్ట మీద ఒంటరిగా ఎవరికంట పడుతుందోనన్న భయం ఉత్తి భయం కాదు. ఆ పిల్ల నిజంగా ఉరుకదా, ఉరుకనివ్వలేదా? ఇప్పుడు చెప్పడం కష్టం.

వేరే దేశంలో ఒక అమ్మాయి ఈ ప్రశ్నను కోర్టు దాకా తీసుకుపోయింది. తాత్యానా మెక్‌ఫాడెన్ 1989లో లెనిన్‌గ్రాడ్‌లో వెన్నుపూస లోపంతో పుట్టింది. ఆరేళ్లు వచ్చేదాకా అనాథాశ్రమంలో చక్రాల కుర్చీ లేక చేతుల మీద నడిచింది. ఒక అమెరికన్ స్త్రీ పెంచుకుంది. పదిహేనేళ్లకే 2004 ఏథెన్స్ పారాలింపిక్స్‌లో రజతం, కాంస్యం గెలిచి మేరీలాండ్‌లోని తన హైస్కూలుకు వచ్చింది. స్కూలు పోటీల్లో మిగతా పిల్లలతో కలిసి ట్రాక్ మీదికి రానివ్వలేదు. వాళ్ల పరుగు అయ్యాక ఆమె ఒక్కతే ఖాళీ ట్రాక్ మీద తిరగాలి. 2005లో ఆమె దావా వేసింది. డబ్బు అడగలేదు, పక్కన పరుగెత్తనివ్వమంది. కోర్టు ఆమె వైపు నిలిచింది, 2008లో మేరీలాండ్ రాష్ట్రం వికలాంగ విద్యార్థులకు క్రీడల్లో సమాన అవకాశం కల్పిస్తూ చట్టం చేసింది. తర్వాత ఆమె వేసవి పతకాలే కాదు, 2014 సోచిలో మంచు మీద కూర్చుని జారే స్కీయింగ్‌లో కూడా రజతం తెచ్చింది. కానీ ఆ చట్టం పతకాల వాళ్ల కోసం కాదు. చివరన వచ్చే పిల్ల కోసం కూడా. మెక్‌ఫాడెన్‌కు పతకాలు ఉన్నందువల్లే కోర్టు విన్నదేమో, ఆ అనుమానం నాకూ ఉంది. అయినా ఆమె అడిగింది తన ప్రతిభకు గుర్తింపును కాదు, ట్రాక్ మీద చోటును. ఈ రెంటికీ తేడా చాలా పెద్దది.

మనకూ 2016 చట్టం ఉంది. అందులో 30వ సెక్షన్ క్రీడల్లో వికలాంగుల భాగస్వామ్యం ప్రభుత్వ బాధ్యత అంటుంది. 92వ సెక్షన్ నలుగురిలో వికలాంగుల్ని కావాలని అవమానిస్తే ఆరు నెలల నుంచి అయిదేళ్ల జైలు అంటుంది. ఆ లెక్కన దీప్తిని పిచ్చిది, కోతి అన్న మాటలు ఇవాళ నేరాలు. ఆమె గెలిచినా గెలవకపోయినా నేరాలే. ఈ ఒక్క వాక్యం పారిస్ కథలన్నిటిలో ఎక్కడైనా కనిపిస్తుందేమో అని చూశాను. నేను చదివిన వాటిలో కనిపించలేదు. దీప్తికి కోటి రూపాయలు, గ్రూప్-2 ఉద్యోగం, వరంగల్‌లో 500 గజాల స్థలం తెలంగాణ ప్రభుత్వం ప్రకటించింది. ఆమె కష్టానికి అవి తగినవే. అయితే పతకం పడ్డాక ఇచ్చేది బహుమతి. పతకం పడక ముందు ఇవ్వాల్సినది ఒకటుంది, దానికి మన ప్రభుత్వ భాషలో ఇంకా సరైన పేరు లేదు.

2025లో ఢిల్లీలో జరిగిన ప్రపంచ పోటీల్లో దీప్తి 55.16 సెకన్లలో పరుగెత్తి రెండో స్థానంలో వచ్చింది. పారిస్‌లో యుక్రెయిన్ అమ్మాయి యూలియా షులియార్‌కు స్వర్ణం తెచ్చిన టైము సరిగ్గా అదే. పారిస్ కన్నా అర సెకను పైగా వేగం. కానీ మన క్రీడా పేజీల వాడుకలో రజతం అనగానే పక్కన ఒక క్రియ వచ్చి కూర్చుంటుంది, సరిపెట్టుకుంది అని. ప్రపంచంలో రెండో మనిషి కూడా సరిపెట్టుకోవాల్సిందే అయితే బీడీ మూతులు వత్తే మనిషి సంగతి అడగక్కరలేదు.

మా ఊళ్లో కేజీ నుంచి పీజీ దాకా ఒకేచోట చదువుకునే ప్రాంగణం 2023 ఫిబ్రవరిలో మొదలైంది. ఊరికి పేరొచ్చింది, చూడడానికి వచ్చేవాళ్లూ ఉన్నారు. మండలాల్లో బడి వయసు పిల్లలకు భవిత కేంద్రాలున్నాయి. బడి వయసు దాటిన వాళ్లకు ఏమీ లేదు. మొన్న వెళ్లినప్పుడు ఆ తల్లి నా చేతిలోని పత్రిక చూసి దీన్లనే రాస్తవా అని అడిగింది. అవునన్నాను. "రాస్తే గిది రాయి బిడ్డా. పింఛనొస్తుంది, కాదంట లేను. పొద్దుగాల పొయ్యి మాపటికి వచ్చే జాగొకటి కావాలె దానికి. నలుగురుండాలె, దాని పేరు వెట్టి పిలువాలె. బస్సు చార్జి నేనే వెట్టుకుంట. నేను వొయ్యినంక అదేడ ఉంటదో గదొక్కటి ఎవలన్న జెప్పాలె" అంది. కత్తెర చాటలో పెట్టి లోపలికి కేకేసింది, ఆ పిల్లను అసలు పేరుతో.